ఎడమచేత్తో ఇచ్చిన కాగితం

మా బావ పోయిన సంగతి నాకు ఎవరూ ఫోను చేసి చెప్పలేదు. నేనే చేశాను. రోజూ పొద్దున ఏడింటికి ఆయన సెల్‌కు ఒక మిస్డ్ కాల్ ఇవ్వడం కొన్నాళ్ళుగా నా పని. రెండుసార్లు మోగగానే పెట్టేయాలి. ఎందుకో తర్వాత చెబుతాను. ఆ రోజు రెండోసారి మోగుతుండగానే ఎవరో ఎత్తారు.

"తమ్మీ," అంది మా అక్క. "ఇగ ఫోన్ చెయ్యకు. మీ బావ లేడు."

ఎనభై నాలుగేళ్ళ మనిషి, నిద్రలోనే పోయాడు, అదృష్టవంతుడు అని నలుగురూ అనుకునేదే నేనూ అనుకోవాల్సింది. నాకు మాత్రం ముందు గుర్తొచ్చింది ముప్పై ఏళ్ళ కిందట ఆయన నాకిచ్చి తప్పిన మాట. మనిషి పోయిన గంటలోపే అది గుర్తు రావడం మర్యాద కాదని తెలుసు. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాక మర్యాద కోసం అబద్ధం రాసే ఓపిక నాకు లేదు.

మధ్యాహ్నానికి మా చుట్టాల వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. కెరీర్ గురు అని ఒకరు, ఎన్నో ఇళ్ళల్లో దీపం వెలిగించిన మహానుభావుడు అని ఇంకొకరు. ఈ ఇద్దరూ ఆయన బతికుండగా ఆయన్ని పైరవీల మనిషి అనేవాళ్ళు. ఒకాయన అయితే నా ముందే అన్నాడు, "మీ బావకేముందన్నా, పెండ్లిల తింటడు, కొలువులిప్పిస్తడు" అని. ఆ మాట అన్న మనిషి అల్లుడికి ఫ్యాక్టరీ మేనేజరు కొలువు దొరికింది అలాంటి ఒక పెళ్ళిలోనే.

బావ చేసిన పని ఏమిటో తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఒక మిల్లులో పద్దెనిమిదేళ్ళు పర్సనెల్ ఆఫీసరుగా చేసి మానేసి, రెజిమెంటల్ బజార్‌లో ట్రంకుపెట్టెల దుకాణం పైన ఒక గది తీసుకున్నాడు. కింద పొద్దంతా రేకు మీద సుత్తి దెబ్బలు. మెట్ల దగ్గర బోర్డు లేదు. ఎందుకు లేదని అడిగితే, "బోర్డు పెడితే కొలువు లేనోళ్ళు వస్తరు బామ్మర్దీ. నాకు కావాల్సింది కొలువు ఉన్నోళ్ళు," అన్నాడు. జనరల్ మేనేజర్లు, వర్క్స్ మేనేజర్లు, ఫైనాన్సు చూసే పెద్దలు, ఇలాంటి వాళ్ళను కంపెనీల యజమానులకు కలపడం ఆయన పని.

"పెద్ద కుర్చీకి పేపర్ల ప్రకటన ఎట్ల ఇస్తరు చెప్పు. కుర్చీల ఇంకా మనిషి కూసోనే ఉంటడు గదా," అనేవాడు. ఖాళీ కాబోయే కుర్చీ సంగతి యజమానికి, ఆయన భార్యకు, బావకు తెలిసేది. కూర్చున్నవాడికి అందరికంటే చివర తెలిసేది.

బావకు ఎలా తెలిసేది అంటే, పెళ్ళికార్డుల వల్ల. ఇది వింటే నవ్వొస్తుంది. ఆయన ఆస్తి అంతా పెళ్ళికార్డులే. అక్క చీరలు తెచ్చుకున్న అట్టడబ్బాల్లో వాటిని పేర్చి పెట్టేవాడు. కార్డు రాగానే పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు చూసేవాడు కాదు. కింద చిన్న అక్షరాల్లో బంధుమిత్రుల అభినందనలతో అని వేసే వరసను భూతద్దం పెట్టి చదివేవాడు. ఏ యజమాని ఏ ఇంటికి వియ్యంకుడో, ఎవరి పేరు నిరుడు ఉండి ఈసారి లేదో, అందులోంచి తీసేవాడు. "ఈయనకిది ఆఖరి బిడ్డ పెండ్లి. ఇగ ఏడాదిల కుర్చీ దిగుతడు, రాసిపెట్టుకో," అనేవాడు. రాసిపెట్టుకున్నాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

పెళ్ళి నుంచి వచ్చాక కార్డు వెనక రెండు ముక్కలు రాసేవాడు. మనిషి ఎలాంటివాడో ముందు. పేరు రాసేది మాత్రం పని తేలిన తర్వాతే, అన్నిటికంటే కింద. "పేరు ముందుగాల రాస్తే, మనకు తెలిసిందే రాస్తం. మనిషిని చూడం," అనేవాడు. నేను గది నిండా పుస్తకాలు చదివినవాడిని. మనుషుల గురించి అంత పొట్టిగా అంత సరిగ్గా ఎవరూ రాయగా చూడలేదు. ఒక కార్డు వెనక "పనోళ్ళ పేర్లు తెలుసు. పెండ్లాం పేరు యాది చేసుకున్నడు" అని ఉంది. అతనికి సిమెంటు కంపెనీలో ప్లాంటు హెడ్ పని దొరికింది.

ఇక అసలు పని బంతిలో జరిగేది. తను తెచ్చిన మనిషిని యజమాని పక్క విస్తరి దగ్గర కూర్చోబెట్టి, తను ఎదురు వరసలో కూర్చునేవాడు. కూరలు వడ్డించేటప్పుడు కరెంటు కోతల మాట, పప్పు దగ్గరికి యూనియన్ మాట, పెరుగు దగ్గరికి "మీరెక్కడ చేస్తరు?" అన్న మాట. ఉద్యోగం ఊసు ఎవరూ ఎత్తకూడదు. రెండు వారాలకు యజమాని ఫోను చేసి, "మొన్న నా పక్కన కూసున్నాయన ఎవరు?" అని అడిగితే అప్పుడు బావ నోరు తెరిచేవాడు. అడగకపోతే ఆ కథ అంతే. బావ తనంతట తాను ఎన్నడూ అడగలేదు.

బంతికి వెళ్ళే ముందు ఆ మనిషి సీతాఫల్‌మండిలోని బావ ఇంటికి రావాలి. అక్క పెరుగన్నం కలిపి పెట్టేది. పెళ్ళిభోజనానికి పోతూ ఇంట్లో తినడమేమిటని కొత్తవాళ్ళు నసిగేవాళ్ళు. "ఆకలితోని పోతే విస్తరి దిక్కు చూస్తవ్. మనిషి దిక్కు చూడవ్. తిను," అనేవాడు బావ. పెద్ద పెద్ద మేనేజర్లు టై సర్దుకుంటూ మా అక్క ముందు పీట మీద కూర్చుని నాలుగు ముద్దలు మింగి పోయేవాళ్ళు.

నాకిచ్చిన మాట దగ్గరికి వస్తాను. బాలానగర్ వైపు నేను వర్క్స్ మేనేజరుగా చేస్తున్న పంపుల ఫ్యాక్టరీ మూతపడింది. నలభై ఎనిమిదేళ్ళు. ఇద్దరు పిల్లల చదువు సగంలో ఉంది. బావ మా ఇంటికి వచ్చి, టీ చల్లారిపోతున్నా తాగకుండా అన్నాడు, "ఈసారి జనరల్ మేనేజర్ కుర్చీ ఏది కాళీ అయినా అది నీదే. మాట. నువ్వు సుత నాకొక మాటియ్యి. నోరు తెరిచి అడగొద్దు."

సరే అన్నాను.

నాలుగు నెలలకు ఒక కాగితం మిల్లు యజమాని ఇంట పెళ్ళి వచ్చింది. నేను నేరుగా హాలుకు పోయాను. అక్క దగ్గరికి పోలేదు, బావ కూడా పట్టుబట్టలేదు. సొంత బామ్మర్దికి ఈ తతంగమెందుకు అనుకున్నామేమో ఇద్దరం. యజమాని పక్కన కూర్చున్నాను. ఆయన కరెంటు గురించి అడిగాడు, చెప్పాను. యూనియన్ గురించి అడిగాడు, చెప్పాను. బాగానే నడుస్తోంది. పెరుగు వడ్డించారు. ఆయన మూతి తుడుచుకుని లేవబోతున్నాడు. నాలుగు నెలలుగా ఎదురుచూసింది ఆయనతో పాటే లేచిపోతుందనిపించింది. కుడిచెయ్యి పెరుగన్నంలో ఉంది. ఎడమచేత్తో జేబులోంచి బయోడేటా తీసి విస్తరి మీదుగా ఆయన ముందు పెట్టాను.

"ఆఫీసుకు పంపండి," అని నవ్వి లేచిపోయాడు.

ఎదురు వరసలో బావ చెయ్యి విస్తరికీ నోటికీ మధ్యలో ఆగిపోయింది. నెల తిరక్కుండా అదే యజమాని చుట్టాల ఇంకో పెళ్ళిలో, అదే పక్క విస్తరి దగ్గర వేరే మనిషిని కూర్చోబెట్టాడు. ఆ కుర్చీ అతనికి దక్కింది. ఆయన పేరు బావ పద్ధతిలోనే చివర రాస్తాను. అప్పటిదాకా కుర్చీ ఆయన అంటాను.

నేను ఒక చిన్న కంపెనీలో స్టోర్సు చూసుకుంటూ రిటైరయ్యాను. మాట నేను కూడా తప్పానని నాకు తెలుసు. తెలిసినా చాలా ఏళ్ళు పండక్కి తప్ప ఆ గడప తొక్కలేదు. సొంత బామ్మర్ది కదా, ఇంకొక్క పెళ్ళికి తీసుకుపోతే ఏమయ్యేది అన్నదే నా బాధ. అడగలేదు. అడిగితే "అడగొద్దన్న గదా" అంటాడని భయం.

కాలం ఇద్దరినీ ముసలివాళ్ళను చేశాక మళ్ళీ రాకపోకలు మొదలయ్యాయి. నిరుడు మా మేనల్లుడి ఉద్యోగం పోయింది. బావకు ఒక్కడే కొడుకు. యాభై ఒక్కేళ్ళవాడు, బేగంపేటలో ఒక కంపెనీలో వైస్ ప్రెసిడెంటు. వాళ్ళ కంపెనీని ఇంకో కంపెనీ కొనుక్కుంది, ఇద్దరు చేసే పనికి ఒక్కడు చాలన్నారు. అప్పటి నుంచి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అప్లికేషన్లు పెట్టాడు. కొన్నిటికి మిషను జవాబిచ్చింది. మిగతావాటికి అదీ లేదు.

ఒక ఆదివారం నేను బావ ఇంట్లో ఉండగా వాడు హుషారుగా హాల్లోకి వచ్చాడు. ఆన్‌లైన్‌లో ఎవరో కోచ్ క్లాసు విన్నాడట.

"మామా, సీనియర్ రోల్స్ అసలు బయటికి రావంట. అడ్వర్టైజ్‌మెంట్ ఉండదంట. అంతా నెట్‌వర్క్‌ల మీదనే అయిపోతదంట. దాన్ని హిడెన్ జాబ్ మార్కెట్ అంటరంట."

బావ పేపరు దించి నా వైపు చూశాడు. ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. అక్క వంటింట్లోంచి తొంగి చూసింది.

"నలభై ఏండ్లు ఈ ఇంట్ల పెరుగన్నం దేనికి కలిపిన్రా మరి," అంది.

వాడు కూడా నవ్వాడు. తర్వాత ముఖం మారింది. "మరి నాకు సుత కలుపు మమ్మీ," అన్నాడు.

మర్నాడు బావ అటక మీది చీరల డబ్బాలు దింపించాడు. నన్ను పిలిచాడు. కార్డులు చూసి నేను నంబర్లు చదివితే ఆయన నొక్కేవాడు. చాలా నంబర్లు పాత ల్యాండ్‌లైన్లు, ఎప్పుడో పోయాయి. సెల్ నంబర్లున్న చోట కోడళ్ళు ఎత్తారు. "మామయ్య పోయి నాలుగేండ్లయింది అంకుల్." "డాడీ ఇప్పుడు ఎవరినీ గుర్తుపడ్తలేరు." ఒకాయన ఎత్తి, బావ గొంతు గుర్తుపట్టి ఏడుపు మొదలుపెట్టాడు. పదినిమిషాలు ఓదార్చి పెట్టేశాడు బావ. సాయంత్రానికి మూడు డబ్బాలు అయ్యాయి. నలభై ఏళ్ళు ఊళ్ళో ఎవరెవరినో ఎక్కడెక్కడో కూర్చోబెట్టిన మనిషికి, కొడుకు పేరు చెప్పుకోవడానికి ఒక్క చెవి మిగల్లేదు.

"మార్కెట్ అంతా పైకే పోయింది బామ్మర్దీ," అని వేలు పైకి చూపించాడు.

ఇంకా కుర్చీలో ఉన్నది కుర్చీ ఆయన ఒక్కడే. ఆ కాగితం మిల్లు నుంచి ఎదిగి ఎదిగి, ఒక పెద్ద గ్రూపుకు సలహాదారు అయ్యాడు. ఆయన మాట మీద కుర్చీలు కదులుతాయని మేనల్లుడే చెప్పాడు. ఫోను చెయ్యమన్నాను బావను. తల అడ్డంగా ఊపాడు. "అడుగుడు మన పద్ధతి కాదు. కార్డు రానీయ్."

వానలు మొదలయ్యాక కార్డు వచ్చింది. కుర్చీ ఆయన తమ్ముడి మనవరాలి పెళ్ళి, బేగంపేటలో ఒక పెద్ద హోటల్లో. బావ అద్దం పెట్టి కింది వరసంతా చదివాడు. నడవలేడు కాబట్టి తోడు నన్ను రమ్మన్నాడు. కొడుకును కూడా రమ్మన్నాడు. వాడు గుమ్మం దగ్గర నిలబడి, "నాకు సిగ్గయితది డాడీ," అన్నాడు. బలవంతం చెయ్యలేదు. అక్క పెరుగన్నం తెస్తే, "నాకెందుకే, నేనేమన్న కొలువుకు పోతున్ననా," అని లేచాడు.

అక్కడ బంతి లేదు. పెద్ద హాలు, వరసగా వేడి గిన్నెలు, అందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. బావ చాలాసేపు అదంతా చూశాడు.

"నిలవడి తినేకాడ ఎవని పక్కన ఎవని కూసోబెట్టాలె?" అన్నాడు నాతో. తిట్టినట్టు కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు అన్నాడు.

కుర్చీ ఆయన చుట్టూ పదిమంది. బావ ఒక ప్లేటులో ఇంత పెరుగన్నం పెట్టించుకుని వాళ్ళ వెనక నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చివరికి ఆయన ఇటు తిరిగి, "అరె సార్! మీరా! ఎట్లున్నరు?" అన్నాడు. కరెంటు మాట, యూనియన్ మాట ఏదో ఒకటి వస్తుందని బావ ఒక్క క్షణం ఆగాడు. ఆయన కళ్ళు అప్పటికే ఇంకెవరి మీదికో పోయాయి. ప్లేటు కుడిచేతిలో ఉంది. బావ ఎడమచెయ్యి కోటు లోపలి జేబులోకి పోయింది. మడిచిన కాగితం బయటికి వచ్చింది.

"మా వాడిది. జెర చూడున్రి."

నేను పక్కనే ఉన్నాను. చెయ్యి పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు.

ఆయన రెండు వేళ్ళతో తీసుకున్నాడు. "ష్యూర్ సార్. నేనే ఫోన్ చేస్తా. ఈ మధ్య అంతా హెచ్ఆర్‌వాళ్ళు పోర్టల్ పోర్టల్ అంటున్నరు గని, మీరు చెప్పినంక కాదంటరా. ఫస్ట్ మీరు తినండి."

పోయేటప్పుడు బావ చేతిరుమాలు మరచిపోయాడని వెనక్కి వెళ్ళాను. వాళ్ళు నిలబడ్డ గుండ్రటి బల్ల మీద ఎవరిదో ఎంగిలి ప్లేటు. ప్లేటు కింద ఆ కాగితం. మేనల్లుడి పేరు మీద పెరుగు మరక. జేబులో పెట్టుకుని వచ్చాను.

కారులో బావ నవ్వుతున్నాడు. "చూసినవా, రెండు చేతులతోని తీసుకున్నడు," అన్నాడు.

చూశానన్నాను.

ఆ మర్నాటి నుంచే మిస్డ్ కాల్. తన సెల్‌లో ఏదో తక్లీఫ్ ఉందని, అందుకే కుర్చీ ఆయన చేసినా రావడం లేదని బావ అనుమానం. "రోజు పొద్దుగాల ఒకసారి మోగిచ్చి చూడు బామ్మర్దీ," అన్నాడు. ఏడింటికి మోగించేవాడిని. నేను పెట్టేయగానే వెంటనే తనే చేసేవాడు. "మోగింది. ఫోన్ బాగనే ఉన్నది," అనేవాడు. "పరేషాన్ కాకు, చేస్తడు," అనేవాడిని. కాగితం నా బీరువాలో ఉండగా ఆ మాట అనేవాడిని. ఇంకేమనాలో ఇప్పటికీ నాకు తెలియదు. చదివిన పుస్తకాల్లో వెతికాను. అలాంటి పొద్దున ఏం చెప్పాలో ఎవరూ రాయలేదు.

పెద్దకర్మ రోజు కుర్చీ ఆయన వచ్చాడు. పెద్ద దండ తెచ్చాడు. ఫొటో ముందు కళ్ళు తుడుచుకున్నాడు, నిజం కన్నీళ్ళే. పదిమందీ రెండు మాటలు చెప్పమంటే చెప్పాడు.

"సార్ లేకుంటే నేను లేను. ఇంతమందిని నిలబెట్టిన మనిషి, తన కోసం గాని తన ఇంటి కోసం గాని నన్ను ఏనాడూ ఒక్కటి అడగలేదు. అదీ సార్ అంటే."

కాగితం ఆ రోజు నా జేబులోనే ఉంది. తీసి ఆ దండ పక్కన పెట్టాలనిపించింది. మేనల్లుడు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, నాన్న గురించి ఆ మాట వింటున్నాడు. ఏడాదిగా వంగిపోయిన మెడ కొంచెం పైకి లేచింది. తనకు తెలియకుండా నాన్న తన కోసం అడిగాడని, అడిగిన కాగితం ఎంగిలి ప్లేటు కింద ఉండిపోయిందని ఆ ముఖానికి ఎలా చెప్పను? చెయ్యి జేబులోనే ఉంచుకున్నాను. వాడికి ఇంకా ఉద్యోగం రాలేదు. ఇప్పుడు నాన్న ఫోను కూడా వాడి దగ్గరే ఉంది.

అందరూ పోయాక అక్క ఒక చీరల డబ్బా నా ముందు పెట్టింది. "ఇవి నీకే ఇయ్యమన్నడు," అంది. పైనే రెండు కార్డులు ఒకే రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. ఒకటి రంగు వెలిసిన పాతది, నా బంతి నాటిది. వెనక తిప్పాను. "పని తెలిసినోడు. ఆకలితోని కూసోబెట్టిన. ఇంట్ల తినిపియ్యలే. తప్పు నాది." కింద నా పేరు. ముప్పై ఏళ్ళుగా నేను ఆయన మీద మోపిన నేరం, ఆయన ఆ రోజే ఒప్పుకుని డబ్బాలో పెట్టుకున్నాడు. మళ్ళీ ఒక్క పెళ్ళికి ఎందుకు తీసుకుపోలేదో మాత్రం అందులో లేదు. అడగడానికి మనిషి లేడు.

రెండోది మొన్నటి హోటలు పెళ్ళిది. బంగారు అంచు కార్డు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి కట్టాడంటే, ప్లేటు పట్టుకుని నిలబడ్డ ఆ రోజు తన ఎడమచెయ్యి ఆయనకూ కనబడిందన్నమాట. వెనక వణికిన అక్షరాలు. "కాగితం తీసుకున్నడు. ఫోన్ చేస్తడు. మంచోడు." కింద పేరు రాసే చోటు ఖాళీగా ఉంది. పని తేలాక రాద్దామని ఉంచాడు.

మంచోడు అన్న మాట మీద గీత పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. అది బావ రాత. దాని పక్కన నా రాతతో "ఫోన్ చేయలేదు" అని రాశాను. పని తేలింది కాబట్టి, కింది ఖాళీలో కుర్చీ ఆయన పేరు నేనే నింపాను. ప్రభాకర్.